స్పానిష్ యంత్రపదములు: ఆంగ్లానువాదమున సందిగ్ధతాస్వరూపము

ఎవరి స్మృతికై మనమీ సాయంకాలము ఇచట సమావేశమైతిమో ఆ ఆచార్యులు జీవితకాలమెల్ల యంత్రశాస్త్రమును బోధించినవారు. బోధ్యవిషయమును ఎంత ఆదరించిరో ఆ విషయమును మోయు పదమును గూడ అంత ఆదరించినవారు. శిష్యుడు ఒక భాగము పేరు చెప్పినంతమాత్రమున వారు తృప్తి చెందెడివారు కారు; అందు ఏది తిరుగుచున్నది, ఏది నిలిచియున్నది, ఏది దేనిని తాకుచున్నది అని అడిగెడివారు. ఈ స్మారకోపన్యాసమున ఆ ఆచార్యుల ప్రశ్ననే ఆధారముగా గైకొని, స్పానిష్ భాషలోని యంత్రపదములను ఆంగ్లమునకు తెచ్చునపుడు పొడసూపు సందిగ్ధతనుగూర్చి కొన్ని మాటలు విన్నవింపదలచితిని.

ఈ విషయము మనకు దూరపుదని ఎవరును తలపరాదు. స్పెయిన్‌లో వేళ్లూనిన గాలిమరల సంస్థ యొకటి మన నెల్లూరు జిల్లాలో రెక్కల కర్మాగారమును నెలకొల్పినది. 2016లో స్పానిష్ సంస్థయైన టాల్గో రైలుపెట్టెలు మన దేశపు పట్టాలమీద పరీక్షార్థము పరుగిడినవి. అట్టి యంత్రముల మూలపత్రములు స్పానిష్‌లో పుట్టి ఆంగ్లమున మనకు చేరును. తెలుగు ఇంజనీరు చదువునది ఆంగ్లపాఠము. ఆ పాఠము నడుమ ఎక్కడనో ఒక అనువాదకుడు రెండర్థములలో ఒకదానిని ఎన్నుకొని రెండవదానిని విడిచిపెట్టెనన్న సంగతి అతనికి కనబడదు. కనబడని నిర్ణయము కనుకనే అది విచారింపదగినది.

నేను ప్రతిపాదింపదలచినది ఒక్కటే. యంత్రపదములోని సందిగ్ధత ఆ భాష మాట్లాడు ప్రజల చేతిపనులును, గనులును, ఓడలును, దిగుమతులును ఆ పదముపై వదలిన ముద్ర. నిఘంటువు ఆ ముద్రలను వరుసగా చూపగలదే గాని, కన్నుల ముందున్న వాక్యమున ఏది వర్తించునో చెప్పజాలదు. యంత్రపు చలనమును చదివినవాడే దానిని చెప్పగలడు. చలనమును చదువుటకు వీలులేనిచోట, సందేహమును దాచక సందేహముగనే పాఠకునకు అందించుట అనువాదకుని విధి.

తోర్నో అను పదమును మొదట పరిశీలింతము. గ్రీకునుండి లాటినునకును, లాటినునుండి స్పానిష్‌నకును వచ్చిన ఈ పదము నేటి కర్మాగారమున లేత్ యంత్రమునకు పేరు. కాని నూలు వడకు రాట్నమునకును, కుమ్మరిసారెకును, గనిలోనుండి బరువును పైకి లాగుటకై త్రాడు చుట్టుకొను దూలమునకును అదే పేరు చెల్లుచున్నది. సన్న్యాసినీమఠములలో, లోపలివారి ముఖము వెలుపలివారికి కనబడకుండ వస్తువులను ఇచ్చిపుచ్చుకొనుటకై గోడలో అమర్చిన తిరుగుడు అరయు తోర్నోయే. వీని యన్నింట సామాన్యధర్మము ఒక్కటి: ఒక వస్తువు తన అక్షముచుట్టు తిరుగుట. స్పానిష్ జనులు ఆ తిరుగుటకు పేరు పెట్టిరి; ఆంగ్లేయులు ఒక్కొక పనికి ఒక్కొక పేరు పెట్టుకొనిరి. అందువలన స్పానిష్ వాక్యమున నిశ్చింతగా నిలిచియున్న పదము ఆంగ్లమున అడుగుపెట్టునప్పటికి నాలుగైదు త్రోవల కూడలిలో నిలువవలసివచ్చును. గనిని గూర్చిన పత్రమున త్రాటిదూలమని గ్రహించుట సులభమే. ఓడలు కట్టు రేవును గూర్చిన పత్రమైనచో, లంగరు లాగునదియు అచటనే, కొయ్యను చెక్కునదియు అచటనే.

ఈ తోర్నోకు అల్పార్థకరూపము తోర్నియో. చిన్న తిరుగుడువస్తువని వ్యుత్పత్తి. మరలు గల సీల అని వాడుక. అనువాదకునకు నిత్యము ఎదురగు చిక్కు ఇచటనే కలదు. ఆంగ్ల కర్మాగారసంప్రదాయమున నట్టును త్రిప్పి బిగించునది బోల్టు, తలను త్రిప్పి బిగించునది స్క్రూ. అమెరికా యంత్రశాస్త్రజ్ఞుల ప్రమాణగ్రంథములలో ఈ భేదమునకు నిర్వచనములే కలవు. స్పానిష్ పనివాడు రెంటిని తోర్నియో అనియే పిలుచును. పెర్నో అను వేఱొక పదము బోల్టునకు కలదు గాని, ఒకచోట అది కేవలము మరలు లేని పిన్నుకు చెల్లును, మఱొకచోట నట్టుతో కూడిన బోల్టునకే చెల్లును. కావున వాక్యమును చదివి ఊరకుండక, ఆ మరలు ఎదుటి లోహములోనికే దిగుచున్నవా, లేక అవతల వెలువడి నట్టును పట్టుకొనుచున్నవా అని పటమున వెదకవలెను. తెలుగువారికి ఈ సంగతి వింతగా తోచదు. మన మర అను పదము మరమేకునందు చుట్టుగా తిరిగిన గాడికి పేరు. పిండిమరలో, వడ్లమరలో, గాలిమరలో యావద్యంత్రమునకు పేరు. 'మర అరిగినది' అని ఒకడు వ్రాసి పంపినచో, అతడు నిలిచియున్నది మిల్లు గుమ్మమునా, మరమ్మతుబల్ల ముందరనా అని తెలిసికొనక ఆంగ్లమున ఒక్క మాట వ్రాయజాలము.

ఏహే అను పదము ఇంతకంటె సూక్ష్మమైనది. దానికి ఒక అర్థము ఇరుసు. అనగా బరువును మోయుచు, తాను తిరిగినను తిరుగకున్నను శక్తిని అందింపనిది. రెండవ అర్థము షాఫ్టు; అనగా తిరుగుచు శక్తిని ఒక కొననుండి మఱొక కొనకు అందించునది. మూడవ అర్థము అక్షము. అనగా ద్రవ్యమే లేని ఊహారేఖ. స్పానిష్ పాఠ్యగ్రంథకర్తలు ఈ చిక్కు నెఱింగినవారే. శక్తిని అందించుదానికి ఆర్బోల్, అనగా చెట్టు, అను పేరు ప్రత్యేకించి, మోయుదానికి ఏహే అను పేరు విడిచిరి. గ్రంథమున నిలిచిన ఈ విభాగము కర్మాగారమున నిలువలేదు. మెక్సికోలో షాఫ్టును ఫ్లేచా, అనగా బాణము, అని పిలుచువారు పెక్కురు. ఒక పేటెంటు పత్రమున రెండు భాగములు ఒకే ఏహేచుట్టు తిరుగునని యున్నదనుకొనుడు. అది అక్షమని గ్రహించినచో రెండు భాగములకు ఉమ్మడిగా ఉన్నది ఒక రేఖ మాత్రమే. వానిని మోయు కడ్డీలు వేఱువేఱుగా నుండవచ్చును. షాఫ్టని గ్రహించినచో రెండును ఒకే ఉక్కుకడ్డీపై కూర్చున్నవని అర్థము. మొదటి అర్థమున పేటెంటుహక్కు విశాలము, రెండవ అర్థమున సంకుచితము. న్యాయస్థానమున వాదప్రతివాదములు నడచినచో, గెలుపోటములు ఈ నాలుగక్షరముల ఆంగ్లపదముపైనో, అయిదక్షరముల ఆంగ్లపదముపైనో నిలుచును. సంస్కృతమున అక్షశబ్దము బండి ఇరుసునకే పేరు. మనవారు ఇరుసును బండికి విడిచి, అక్షమును గణితమునకు తీసికొనిరి. స్పానిష్ ఆ విభజనను చేసికొనలేదు.

యావే అను పదమునకు తాళంచెవి, పానా, కొళాయి అను మూడును అర్థములే. ఇచట చిక్కు తక్కువ, ఏలయన క్రియాపదము తోడ్పడును: మూయబడునది కొళాయి, బిగించుటకు పట్టుకొనునది పానా, దూర్చి త్రిప్పునది చెవి. హువేగో అను పదమునకు ఆట, సరిపడు వస్తువుల జత, భాగముల నడుమ నుండు వదులు అను అర్థములు కలవు. వాక్యమున మిల్లీమీటరులు కనబడినచో అది వదులే. తలాద్రో మాత్రము తొలుచు సాధనమునకును తొలిచిన రంధ్రమునకును సమానముగా చెల్లును గనుక, దాని వ్యాసము ఎంత యున్నదను వాక్యమున ఆగి ఆలోచింపక తప్పదు.

మండ్రిల్ అను పదమును కొంత దగ్గరగా చూడవలెను. లేత్ ముందర నిలిచిన పనివానిని తలచికొనుడు. అతని చేతిలో నడుమ రంధ్రము గల ఇత్తడివలయము ఒకటి ఉన్నది. దాని వెలుపలి అంచును చెక్కవలెను. దవడలు గల చక్కు ఆ వలయమును వెలుపలినుండి పట్టుకొన్నచో, చెక్కవలసిన అంచే దవడలక్రింద దాగిపోవును. అందుచేత కొంచెము ఏటవాలుగా చెక్కిన కడ్డీని వలయపు రంధ్రములోనికి దిగగొట్టి, ఆ కడ్డీని రెండు కొనలనడుమ నిలిపి త్రిప్పుదురు. వలయము కడ్డీతోపాటు తిరుగును, వెలుపలి అంచంతయు ఉలికి లభించును. ఆ కడ్డీని ఆంగ్లమున మాండ్రెల్ అందురు, స్పానిష్‌లో మండ్రిల్ అందురు. ఇంతవరకు రెండు భాషలును కలిసి నడచినవి. కాని స్పానిష్ అమెరికాదేశములలో డ్రిల్లుమొనను పట్టుకొను చక్కునకును మండ్రిల్ అనియే పేరు. ఒకటి లోపలినుండి పట్టును, మఱొకటి వెలుపలినుండి పట్టును. రెండును పరస్పరవిరుద్ధములైన క్రియలు. పేర్లు ఒక్కటిగా వినబడుటచేత అనువాదకుడు మాండ్రెల్ అని వ్రాసినచో, సూచనలు చదివిన పనివాడు లేని కడ్డీకై వెదకును; లేదా, అంతకంటె ప్రమాదకరముగా, ఉన్న కడ్డీని తగనిచోట దిగగొట్టును. రూపసామ్యము గల పదములే మనలను ఎక్కువగా మోసగించును. మొదటినుండి పరాయిదిగా కనబడు పదమువద్ద మనము ఎట్లును ఆగుదుము.

ఇంతవరకు చెప్పినవి నేటి కర్మాగారమునకు సంబంధించినవి. పటము లేని, యంత్రమే నశించిన పాతకాలమునకు పోయినచో ఈ సమస్య ఎంత లోతునకు దిగునో తొలేదో నగరమున జరిగిన వృత్తాంతమువలన తెలియును. ఇటలీలోని క్రెమోనానగరమున పుట్టిన హువానెలో తుర్రియానో గడియారములు చేయుటలో అసమానుడు. చక్రవర్తి అయిదవ ఛార్లెసు రాజ్యత్యాగము చేసి యూస్తె మఠమునకు పోయినపుడు అతనివెంట పోయినవాడు. చక్రవర్తి 1558లో మరణించిన పిదప రెండవ ఫిలిప్పు కొలువున చేరి, తొలేదోను చుట్టి లోయలో ప్రవహించు తాహో నదీజలమును దాదాపు నూఱు మీటరుల ఎత్తున నున్న ఆల్కాసర్ కోటకు ఎక్కించు యంత్రమును నిర్మించెను. 1569లో నీరు కోటకు చేరినది. నీరు రాజుగారి కోటకే చేరినదని పురము సొమ్ము చెల్లింపలేదు. 1581 నాటికి రెండవ యంత్రమును నిర్మించి, అప్పులలో మునిగి, 1585లో ఆ మహాశిల్పి కన్నుమూసెను. 17వ శతాబ్దమున ఆ యంత్రము మూలబడి, క్రమముగా భాగములు ఊడి, చివరకు రూపుమాసిపోయినది. నిర్మాత గీసిన పటము ఒక్కటియు నేడు లేదు.

మిగిలినది మాట. చరిత్రకారుడైన అంబ్రోసియో దే మొరాలెస్ ఆ యంత్రము నడచుచుండగా చూచినవాడు, హువానెలోను ఎఱిగినవాడు. 1575లో అచ్చయిన స్పెయిన్ నగరప్రాచీనతలను గూర్చిన తన గ్రంథమున దానిని వర్ణించెను. చిన్న చిన్న కొయ్యలను నడుమను కొనలయందును కీళ్లతో కలిపి కత్తెరలవలె అమర్చిరనియు, వల్తూరియో యుద్ధశాస్త్రగ్రంథమున మనుష్యుని పైకెత్తుటకు చూపిన సాధనమువంటి అమరిక అనియు చెప్పెను. నీటిని మోయు పొడవైన ఇత్తడిగొట్టములను పేర్కొనెను. ప్రతి పదమును తెలిసినదే, వ్యాకరణమును స్పష్టమే. అయినను ఆ కీళ్లకొయ్యల చట్రము నీటిపాత్రలను తానే మోసెనా, లేక క్రింది చక్రపు చలనమును పైకి అందించుట మాత్రమే దాని పనియా అన్నది ఆ వాక్యములనుండి తేలదు. యంత్రము ఎదుట నిలిచి వ్రాసినవానికి తేల్చవలసిన అవసరమే తోచలేదు. కన్నులకు కనబడుచున్నదానిని ఎవరు విప్పి చెప్పుదురు? మూడువందల సంవత్సరముల తరువాత ఆ వాక్యములనుండి యంత్రమును పునర్నిర్మింపబూనిన పండితులు ఒక్కొక్కరు ఒక్కొక్క యంత్రమును కట్టుకొనిరి.

ఈ వివాదమున ఒక ఆంగ్లవాక్యము సాక్ష్యమునకు వచ్చినది. 1623లో స్పెయిన్‌నకు పోయిన కెనెల్మ్ డిగ్బీ, 1644లో ప్యారిస్‌లో అచ్చయిన తన తత్త్వగ్రంథమున, జీవశరీరచలనమునకు ఉపమానముగా తొలేదో యంత్రమును ప్రస్తావించెను. అతడు మొరాలెస్ మాటలను ఆంగ్లమున పెట్టలేదు. తాను చూచిన చలనమును ఆంగ్లమున పెట్టెను. పొడవైన కాడలుగల గరిటెలవంటి పాత్రలు రెండు వరుసలుగా నుండి, ఒక వరుస లేచునపుడు మఱొకటి దిగుచు, నీటిని క్రిందిదానినుండి పైదానికి అందించుచు పోయినట్లు అతని వర్ణన. 1967లో లడిస్లావో రేతి ఆ యంత్రమును ఊగెడి గరిటెల గోపురములుగా పునఃకల్పన చేసినపుడు ఈ డిగ్బీ మాటలు అతనికి ప్రబలసాక్ష్యమైనవి. నా దృష్టిలో ఇది అనువాదచరిత్రలో ముఖ్యఘట్టము. స్పానిష్ పదము సందిగ్ధముగా విడిచినదానిని ఆంగ్లపదము తీర్చినది; తీర్చుటకు కారణము ఆంగ్లపదము మేలైనదగుట కాదు, వ్రాసినవాడు ఏది లేచుచున్నది, ఏది దిగుచున్నది అని చూచి వ్రాయుట.

ఆ కాలమునకే చెందిన, మాడ్రిడ్ జాతీయగ్రంథాలయమున నున్న యంత్రములనుగూర్చిన ఇరువదియొక్క గ్రంథముల వ్రాతప్రతి చాలకాలము హువానెలో రచనగా చెల్లినది. పిదప పండితులు అందలి మాటలను పరిశీలించి, అరగోన్ ప్రాంతపు ప్రయోగములు మెండుగా నుండుటచే రచయిత ఇటలీవాడు కాడు, అరగోన్‌వాడని నిర్ణయించిరి. ప్రాంతీయపదము రచయిత ఊరిని బయటపెట్టినది. అట్టి పదము ఆంగ్లమున ఏకరూపముగా మారినపుడు ఈ సాక్ష్యమంతయు తుడిచిపెట్టుకొనిపోవునన్నది అనువాదకులు మఱవరాదు.

కొలతల విషయమున సందిగ్ధత మఱింత మౌనముగా పనిచేయును. కాస్తీలు దేశపు పాదము 27.86 సెంటీమీటరులు, ఆంగ్లేయపాదము 30.48. పాత పత్రమున 24 పాదముల చక్రమనియున్న దానిని 24 ఆంగ్లపాదములుగా వ్రాసినవాడు 6.7 మీటరుల చక్రమును 7.3 మీటరులు చేసెను. ఇచట పదము సరిగానే అనువదింపబడినది, చక్రము మాత్రము పెరిగినది. నేటి పత్రములలో కబాయో దే వపోర్, అనగా ఆవిరిగుఱ్ఱము, 735.5 వాట్లు, ఆంగ్లేయుల అశ్వసామర్థ్యము 745.7 వాట్లు. 200 స్పానిష్ గుఱ్ఱములు 197 ఆంగ్లగుఱ్ఱములకు కొంచెమే మించును. పోతెన్సియా అను పదము నేడు సామర్థ్యమునకు చెల్లుచున్నను, పాతగ్రంథములలో తులాదండపు ఒక కొనపై ప్రయోగించు బలమునకు పేరు. పార్ అనగా జత. యంత్రశాస్త్రమున బలముల జతయైనచో మన బలయుగ్మము, అనగా త్రిప్పుడు. భాగముల జతయైనచో 1875లో రూలో జర్మనుభాషలో ప్రతిపాదించిన, ఒకదానినొకటి బంధించి కదలు రెండు భాగముల కలయిక. ఒకే పుటలో రెండర్థములును రావచ్చును. త్రిప్పుడునకు నేడు ఆంగ్లేయులు వాడు టార్క్ అను పదము 1884లో జేమ్స్ థామ్సన్ కల్పించినది. అంతకు పూర్వపు స్పానిష్ గ్రంథమును అనువదించుచు ఆ పదమును వాడినవాడు రచయితకు అతని కాలమున లేని మాటను అంటగట్టినవాడగును.

స్పానిష్ సామ్రాజ్యము సముద్రములు దాటినది, పదములును దాటినవి. లాటినులో బుద్ధికౌశలమను అర్థముగల మూలమునుండి పుట్టిన ఇన్‌హేనియో అను పదము తొలేదోలో యంత్రము. 1545లో వెండి బయల్పడిన పొతోసీపర్వతముక్రింద అది నీటిబలమున రాయిదంచు మిల్లు. క్యూబాలో చెఱకుతోటతోను పనివారితోను కూడిన చక్కెరమిల్లు. పొతోసీలో మతగురువుగా నుండిన అల్వారో అలోన్సో బార్బా 1640లో మాడ్రిడ్‌లో ప్రకటించిన లోహకళాగ్రంథమును, స్పెయిన్‌లో రాయబారిగా నుండిన ఎడ్వర్డ్ మాంటేగు, శాండ్విచ్ ప్రభువు, ఆంగ్లీకరించెను. అది లండనున అచ్చయినది. అతడు నావికాధిపతి, పొతోసీ మిల్లులను కన్నులార చూచినవాడు కాడు. మరల 1923లో డగ్లస్, మాథ్యూసన్ అను ఇరువురు ఆ గ్రంథమును అనువదించుటకు పూనుకొనవలసివచ్చినదన్న, మొదటివారి శ్రమ తక్కువయని కాదు. లోహశాస్త్రజ్ఞుల చూపు ఆ పుటలపై పడవలసియుండెను.

మెక్సికోలోని రియల్ దెల్ మొంతె గనులకు 1825లో కార్న్‌వాల్ గనిపనివారు ఆవిరియంత్రములను వెంటబెట్టుకొని పోయిరి. వారికి అచట ఎదురైన పదము మలకాతే. నాహువాతల్ జనుల భాషలో దానికి అర్థము నూలు వడకు కదురు. స్పానిష్ గనిపనివారు దానిని, నిలువుగా నిలిపిన దూలమును గుఱ్ఱములచేతనో కంచరగాడిదలచేతనో త్రిప్పించి ధాతువును పైకి లాగు యంత్రమునకు పెట్టుకొనిరి. కార్న్‌వాల్‌వారు తమ ఊర అట్టిదానిని విమ్ అని పిలిచెడివారు గనుక ఆ సమీకరణము కుదిరినది. పిమ్మట గుఱ్ఱములు పోయి ఆవిరి వచ్చినది, ఆవిరి పోయి విద్యుత్తు వచ్చినది. మలకాతే మాత్రము నిలిచినది. 1830 నాటి లేఖలోని మలకాతే, 1900 నాటి లేఖలోని మలకాతే ఆంగ్లమున ఒక్కపదము కానేరవు. ఇచట లేఖపై నున్న తేదీయే నిఘంటువు.

స్వతంత్రదేశములు ఏర్పడిన తరువాత ఈ చీలిక మఱింత పెరిగినది. స్పెయిన్ తన యంత్రవిద్యను ఎక్కువగా ఫ్రెంచివారినుండి నేర్చినది. కనెక్టింగురాడ్డునకు బియేలా, గేర్లకు ఎంగ్రనాహే అను పేర్లు ఫ్రెంచినుండి వచ్చినవే. మెక్సికో పొరుగునున్న అమెరికానుండి యంత్రములతోపాటు పేర్లను దిగుమతి చేసికొనినది. ఫలితముగా బాల్‌బేరింగునకు స్పెయిన్‌లో రొదమియెంతో, మెక్సికోలో బలేరో, అర్జెంటీనాలో రులేమాన్, వెనెజులాలో రొలినేరా. ఇన్ని పేర్లకు ఒకే వస్తువగుట కష్టము కాదు. ఒకే పేరునకు దేశభేదముచేత వేఱు వస్తువగుటయే కష్టము. మూలపత్రము ఏ దేశమున వ్రాయబడెనో తెలియక పని ప్రారంభించుట అనుచితమని నా అభిప్రాయము.

ఈ సంగతిని స్పానిష్ పండితులలో మొదటినుండి గ్రహించినవారు లేకపోలేదు. జెస్యూట్ మతగురువైన ఎస్తెబాన్ తెర్రేరోస్ ఇ పాందో శాస్త్రములయు వృత్తులయు పదములతో కూడిన కాస్తీలియనునిఘంటువును కూర్చునపుడు పుస్తకములతో తృప్తిపడక, పనివాండ్ర అంగళ్లకు పోయి సాధనములను చూచి పేర్లు అడిగి వ్రాసికొనెను. 1767లో తన సంఘమును దేశమునుండి వెడలగొట్టగా ఇటలీకి పోయి, 1782లో అచటనే మరణించెను. గ్రంథము 1786 మొదలు 1793 వఱకు నాలుగు సంపుటములుగా వెలువడినది. నాల్గవసంపుటమున ఫ్రెంచి, లాటిన్, ఇటాలియను పదములకు కాస్తీలియను సమానార్థకములు ఉన్నవి. ఆంగ్లమునకు చోటు లేదు. ఆవిరియంత్రము ఇంగ్లండున ఊపిరి పోసికొనుచున్న దశాబ్దములలోనే ఈ లోపము జరిగినదని గమనింపుడు.

ఆ లోపమును మఱొకవిధమున పూరించినవాడు కనారీద్వీపవాసియైన అగుస్తీన్ దే బెతంకూర్. 1788లో అతడు లండనుకు పోయి, ఆల్బియన్ మిల్లులో వాట్ నూతనయంత్రమును చూచెను. దాని అంతర్భాగమును చూపినవారు లేరు, పేర్లు చెప్పినవారును లేరు. దూలమునకును పిస్టనునకును నడుమ పూర్వముండిన గొలుసు లేకపోవుటయు, దాని చోట కడ్డీల చతుర్భుజము ఒకటి ఉండుటయు మాత్రము అతని కంటబడినవి. గొలుసు లాగగలదే గాని నెట్టజాలదు. కావున ఈ పిస్టను రెండువైపులను పనిచేయుచున్నదని అతడు నిశ్చయించి, మరుసటి సంవత్సరమున ప్యారిస్ విజ్ఞానపరిషత్తునకు నివేదించెను. ఒక్క ఆంగ్లపదము సాయము లేకయే ఆంగ్లయంత్రమును చదివినవాడు ఇతడు. ఇతడును హోసే మరీయా దే లాన్స్ అను మిత్రుడును కలిసి 1808లో ప్యారిస్‌లో ప్రకటించిన యంత్రరచనాగ్రంథమున యంత్రములను పేర్లనుబట్టి గాక, చలనపరివర్తనమునుబట్టి వర్గీకరించిరి: ఋజుచలనము వర్తులచలనముగా మారుట, ఏకముఖచలనము ముందువెనుకల చలనముగా మారుట, ఇత్యాదిగా. ఆ గ్రంథము కొంతకాలమునకు ఆంగ్లమునకును వచ్చినది. చలనముచే వర్గీకరింపబడిన గ్రంథమును అనువదించుట సులభమైనదనుటలో నాకు ఆశ్చర్యము లేదు.

నేటి అనువాదకుడు ఏమి చేయవలెను? పేటెంటుపత్రములలో ప్రతిభాగమునకును పటమున ఒక సంఖ్య ఉండును. స్పానిష్ రచయిత అలసటచేత ఒకే భాగమును మూడుచోట్ల మూడు పేర్లతో పిలిచినను సంఖ్య మారదు. మొదట సంఖ్యలను వరుసగా వ్రాసికొని, ఒక్కొకదాని ఎదుట అది తిరుగునా, జారునా, నిలుచునా అని నిర్ణయించి, పిదపనే ఆంగ్లపదమును ఎన్నుకొనవలెను. పటము లేనిచోట తోర్నియోను మరలు గల బిగింపుసాధనమని విశాలముగా చెప్పుట, బోల్టని ఊహించి వ్రాయుటకంటె మేలు. అట్లు విశాలముగా చెప్పుటకును వీలులేనిచోట, మూలమున ఒకే పదమున్నదనియు, దానికి రెండర్థములు సాధ్యములనియు అధస్సూచిక వ్రాయవలెను. పని ఒప్పగించినవారు ఇట్టి సూచికను అసమర్థతగా భావించి కొట్టివేయుట తఱచుగా జరుగుచున్నది, ఇది అన్యాయము. నది లోతు తెలియనిచోట తెలియదని పటమున గుర్తించిన నావికుని ఎవరును నిందింపరు.

మన దేశమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి నాయకత్వమున 1962లో వ్యవసాయపదములతోను, 1971లో చేనేతపదములతోను మాండలిక వృత్తిపదకోశములు వెలువడినవి. రైతునొద్దకును, సాలెవాని మగ్గమునొద్దకును పోయి, ఏ తాలూకాలో ఏ పేరు అని విచారించి వ్రాసిన గ్రంథములవి. స్పానిష్ యంత్రపదములకు ఆంగ్లమున కావలసిన కోశము ఇట్టిదే. అందు ప్రతి పదము క్రిందను మొదట రేఖాచిత్రము ఉండవలెను. ఆ భాగము ఏ విధముగా కదలునో ఒక్క వాక్యము ఉండవలెను. ఏ దేశమున, ఏ వృత్తియందు, ఏ కాలమునుండి ఏ కాలము వఱకు ఆ అర్థము చెల్లెనో చూపవలెను. ఆ మీదటనే ఆంగ్లసమానార్థకము రావలెను. కదురు అను అర్థముగల ఉసియ్యో అను పదము ఉదాహరణకు చాలును. లేత్‌లో పనిముక్కను త్రిప్పు కదురు, ఉలిబండిని నడపు పొడవైన మరకడ్డీ, ప్లాస్టికును కరగించుచు ముందుకు నెట్టు యంత్రపు మర, ఈ మూడును ఉసియ్యోలే. మూడు రేఖాచిత్రములు ప్రక్కప్రక్కన నిలిపినచో, తెలుగు విద్యార్థియైనను, స్పానిష్ ఎఱుగకయే, ఏది ఏదో ఒక్క చూపున గుర్తించును. అట్టి కోశమునకు తగిన సామగ్రి పేటెంటుకార్యాలయముల పత్రములలోను, రైల్వేల భాగపట్టికలలోను, గనుల లెక్కపుస్తకములలోను చెల్లాచెదరుగా పడియున్నది. ఈ సభలో నున్న యువకులలో స్పానిష్ నేర్చుచున్నవారును, లేత్ ముందర నిలిచి పనిచేసినవారును ఉన్నారని వింటిని. ఆ రెండు విద్యలును ఒక్కచోట కూడిన చేతులు ఆ పనికి అత్యవసరము. వారు మొదట ఉసియ్యోతోనే ప్రారంభింతురుగాక.